గిటార్ కడుపులో కలరా ఉండలు

మొన్న ఆదివారం మా ఆయన కచేరీ నా చేతుల్లోనే హతమైపోయేదండీ, కొద్దిలో తప్పింది!

మా ఆయన పెళ్ళికి ముందు కాకినాడలో ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు. ఆ గిటార్ ఇప్పటికీ మా అటక మీదే ఉంది. పాలిష్ సన్నగా బీటలు వారింది, బంగారు పూత నా పళ్ళలాగే సగం ఊడింది. మెడ మాత్రం ఇప్పటికీ తిన్నగా ఉంది. లోపలంతా డొల్ల. పైన పాముల్లా మెలికలు తిరిగిన రెండు కంతలు.

పాత జట్టంతా ఆదివారం రాజమండ్రిలో కలుస్తున్నారని ఈయన గిటార్ దింపారు. కొత్త తీగలు కట్టారు. వాయిస్తే లోపల గలగల!

"లోపల అతుకు ఊడిపోయిందే. ఇంక నేను రానని ఫోన్ చేసేస్తాను" అని మొహం వేలాడేశారు.

నా గుండె జారి గోదాట్లో పడింది. అది అతుకు కాదండీ! పురుగు పట్టకుండా ఏటా పట్టుచీరల్లో వేసినట్టే ఆ కంతల్లోనూ కలరా ఉండలు వేస్తున్నాను నేను. ఆయనకి చెప్పలేదు. చెబితే ఇంకో ముప్పై ఏళ్ళు దెప్పుతారు.

ఆయన్ని ఎలాగైనా స్టేజి ఎక్కించాల్సిందే అనుకున్నాను. ఆయన బజారుకెళ్ళగానే గిటార్ బోర్లించి ఊపడం మొదలెట్టాను. ఒక్కటి రాలితే ఒట్టు! ఇంతలో పక్కింటి సత్యవతి వచ్చింది.

"ఏంటి పిన్నిగారూ, పసిపిల్లని ఊపినట్టు ఊపుతున్నారు?"

"లోపల ఉండలున్నాయే."

"సున్నుండలా?"

"కలరా ఉండలు!"

"అయ్యబాబోయ్, దీనికి కలరా ఎప్పుడొచ్చిందండీ?"

నవ్వితే నవ్వింది గానీ, వాళ్ళింట్లో కోస్తున్న పనసకాయ జిగురు తెచ్చిపెట్టింది. కొబ్బరి ఈనె కొసకి ఆ జిగురు రాసి, కంతలో దూర్చి, చేపలు పట్టినట్టు పట్టాను. మెడ పట్టేసింది, చేతులు ఈనెకి అంటుకుపోయాయి, అయినా వదల్లేదు. మొత్తం నూట ఎనిమిది తీశాను. సత్యవతి పదకొండే అంటుంది. దానికి చూపు తక్కువ లెండి.

ఆయన రాగానే "ఇంకోసారి వాయించి చూడండి" అన్నాను. వాయించారు. గలగల లేదు!

"అదేంటి, అతుకు దానంతటదే కూడుకుందా?"

"పాత చెక్క కదండీ, ఈ ఉక్కకి ఉబ్బి పట్టేసుంటుంది."

నమ్మేశారు పాపం.

ఆదివారం ఎంత బాగా వాయించారనుకున్నారు! రాజమండ్రి వంతెన ఊగిపోయింది. కానీ ఆయన ఊగినప్పుడల్లా గిటార్ కడుపులోంచి గుప్పుమని వాసన. ముందు వరసలో ఒకటే తుమ్ములు. దిగొచ్చి నా చెవిలో అన్నారు కదా, "పెట్టెలో పట్టుచీర ఎండలో వేయకుండా కట్టుకొచ్చావేంటే? కలరా ఉండల కంపు స్టేజి మీదకి కొడుతోంది!"

"తప్పైపోయిందండీ" అని తల దించుకున్నాను. దించితే కనబడింది, నేను కట్టుకున్నది మొన్ననే కొన్న నేత చీర!