లస్మయ్య మూడు తుమ్ములు

ఎవరి నోట పొగ కనబడినా లస్మయ్య చెయ్యి చాచకుండా ఉండలేడు. "ఒక్కసారి ఇయ్యి తమ్మీ, సూస్త" అంటాడు. ఇచ్చామా, అయిపోయాం. బుగ్గలు బూరెల్లా పొంగేదాకా లాగి, ఊది, మళ్ళీ లాగి, పదో దమ్ముకు వరసగా మూడు తుమ్ములు తుమ్మి, చొక్కాకు తుడిచి తిరిగిస్తాడు. పదిహేడేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాడు. సొంతంగా ఒక్క సిగరెట్టు కొన్న పాపాన పోలేదు.

కంపెనీ బస్సులో నేపాలీ వాడిని అడిగేవాడు. సైట్లో అన్నం లైనులో బెంగాలీని అడిగేవాడు. భాష రాకపోయినా చెయ్యి వచ్చు కదా. ఒకసారి బస్సు కదలబోతుంటే తుమ్మాడు. జగిత్యాల వాళ్ళు నలుగురు అపశకునమని కిందికి దిగారు. డ్రైవర్ పాకిస్తానీ. వాడికి శకునాల పట్టింపు లేదు. నలుగురికీ ఆ రోజు ఆబ్సెంట్ పడింది.

క్యాంపులో అతని కింది మంచం నగేష్‌ది. వచ్చి ఎనిమిది నెలలు. పొగ తాగడం ఒక దరిద్రమైతే అడుక్కుని తాగడం రెండు దరిద్రాలని నగేష్ లెక్క. తన వేప్‌ను, అంటే కరెంటు సిగరెట్టును, మేజోడులో దాచుకున్నా లస్మయ్య పసిగట్టేవాడు. ఈ దేశంలో వేప్‌లు అమ్మకూడదు. అయినా దోహా జదీదాలో ఒక దుకాణం వెనక సందులో మామిడిపండు వాసనది దొరికేది. అయిపోతే పారేసి ఇంకోటి కొనుక్కోవడమే. కళ్ళు తెరవగానే చెయ్యి మేజోడులోకి పోయేది. మొహం కడగడం తర్వాత. మూడో అంతస్తు ఎక్కేసరికి ఇరవై నాలుగేళ్ళవాడు స్తంభం పట్టుకుని నిలబడేవాడు.

ఒకరోజు నోటీసు అంటించారు. గదిలో ఎవరి దగ్గర వేప్ దొరికినా ఊరికి టికెట్. చదివి వినిపించింది నగేషే. ఎదురు మంచం మీది కడప నాగూర్ నవ్వాడు. "బ్యాన్ చేస్తే యెవురు మానుకుంటారప్పా? దాంకోని తాగుతారు, అంతే."

"బీడీల పొగాకన్న కనవడ్తది" అన్నాడు లస్మయ్య. "దీంట్ల మామిడిపండు ఏడున్నది, సూపెట్టు."

ఆ సాయంత్రం నగేష్ తన వేప్‌ను చెత్తడబ్బాలో పడేశాడు. గంట తర్వాత కోడిబొమికల కిందనుంచి ఏరుకుని కడుక్కున్నాడు. తనమీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఉద్యోగం పోతే వాడలో తల్లి తలెత్తుకోలేదని తెలుసు, ఇది మానడం మాత్రం తెలియలేదు.

శుక్రవారం పొద్దున లస్మయ్య మామూలుగానే చెయ్యి చాచాడు. నగేష్ పళ్ళు కొరుకుతూ ఇచ్చాడు. ఐదో దమ్ములో తలుపు తెరుచుకుని సూపర్‌వైజర్ లోపలికొచ్చాడు.

"కిస్కా హై?"

లస్మయ్య నగేష్ వైపు చూడను కూడా చూడలేదు. "మేరా హై సాబ్" అని తనమీద వేసుకున్నాడు. తాగి చూపించమన్నాడు సూపర్‌వైజర్. లస్మయ్య నిండుగా లాగాడు. మూడు తుమ్ములూ సూపర్‌వైజర్ మొహం మీదనే పడ్డాయి. అది ఇతనిది కాదని ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. కానీ కాగితంలో రాసుకోవడానికి ఒక పేరు దొరికింది, వేప్ పట్టుకుపోయాడు. పాత మనిషని టికెట్ కొట్టలేదు, వచ్చే నెల సెలవు కొట్టేశారు. లస్మయ్య ఊరు చూసి మూడేళ్ళయింది.

ఆ మధ్యాహ్నం సంగతి విన్న భార్య గంగాబాయి వీడియోలో తిట్టిన తిట్లు గదంతా విన్నది. "పొగ వాసనకే తుమ్మెటోనివి. నేను బీడీలు చేస్తుంటే వాకిట్ల పండెటోనివి. గల్ఫ్ పోయి తాగుడు నేర్చినవా?"

ఫోన్ పెట్టేశాక నగేష్ అడిగాడు. "పడకపోతే మరి ఎందుకు గుంజుతవే కాకా?"

లస్మయ్య గోడవైపు తిరిగాడు. "ముప్పై ఏండ్లు మీ కాకి బీడీలు చుట్టింది. మా పొయ్యి మండింది. అవి తాగినోడు ఎవడో, ఏడ దగ్గిండో మనకెరుకనా? గీడ మీరు నా కండ్ల ముంగట ఉన్నరు. వద్దంటె ఇంటరా? ఇనరు. నేను పది ఊదేస్తే నీ రొమ్ముకు పది తక్కువ పాయె. నేను మింగనుగద, బుగ్గలనే పెట్టుకుంట."

నగేష్ ఖాళీ మేజోడు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

మళ్ళీ వేప్ కొనలేదు, మూడు వారాలు ఓర్చుకున్నాడు. జీలకర్ర నమిలాడు. నాగూర్‌తో రెండుసార్లు కొట్లాడాడు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి మంచం ఎక్కబోతూ లస్మయ్య చెయ్యి చాచాడు. "ఒక్కసారి ఇయ్యి తమ్మీ."

"మాఫీ" అన్నాడు నగేష్, లేదని అరబ్బీలో.

లస్మయ్య నమ్మలేదు. దిండు ఎత్తి చూశాడు. మేజోళ్ళు దులిపాడు. ఆకలిమీదున్న మనిషిని పంక్తిలోంచి లేపినట్టు మొహం పెట్టి, ఎదురు మంచం దగ్గరికి నడిచాడు. "నాగూర్ తమ్మీ, ఒక్కసారి ఇయ్యి, సూస్త."

మూడో తుమ్ము పడేలోపే నగేష్ లేచి వెళ్ళి తన తువాలు అందించాడు.