కోట తలుపు దగ్గర నిలబడ్డవాడు

ఆన్‌లైన్ ఆటలో కోట గెలిస్తే ఏమొస్తుందని నన్ను చాలామంది అడిగారు. ఏమీ రాదు. వారం రోజులు కోట మీద మన జెండా ఎగురుతుంది. మళ్లీ శనివారం మధ్యాహ్నం రెండింటికి అవతలి పక్షం వాళ్లు తలుపు బద్దలు కొట్టడానికి వస్తారు. నాలుగింటిదాకా ఆపగలిగితే కోట మనదే. అంతే. కానీ ఆ కోటకు విలువే లేదని ఇప్పుడు అన్నాననుకోండి, నేను చేసిన పని నుంచి సులువుగా తప్పించుకున్నట్టవుతుంది. అందుకే అనను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడిని. మేం వాటిని సాంచాలంటాం. ఒక్కొక్కరం ఎనిమిది సాంచాలు చూసుకోవాలి. ఎక్కడ పోగు తెగుతుందోనని కన్ను తిప్పుతూనే ఉండాలి. ఛాయ్‌కి పోవాలంటే పక్క మనిషికి అప్పజెప్పాలి. "జర నా సాంచాలు సూడన్నా" అంటే "నువ్వున్నట్టే, పో" అనేవాడు. ఈలోగా సేటు వచ్చి "ఏడి వాడు?" అని అడిగితే "గిక్కడ్నే ఉన్నడు సేటూ" అనాలి. అందులో ఆలోచించేదేమీ ఉండదు. మాట దానంతటదే వచ్చేస్తుంది. అలా అనని మనిషితో కార్ఖానాలో ఎవరూ కలిసేవాళ్లు కారు.

ఈ అలవాటును మా ఆట జట్టులోకి తెచ్చింది నేనే. జట్టులో చాలామంది ఉన్నా, దాన్ని మోసింది ముగ్గురం. సిరిసిల్లలో నేను, జగిత్యాలలో జిరాక్స్ షాపులో పనిచేసే ఒకడు, కోరుట్లలో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న ఇంకొకడు. కరెంటు కోత ఒక్కో ఊళ్లో ఒక్కో వేళకు ఉండేది. అందుకని ముగ్గురి పాస్‌వర్డులూ ముగ్గురి దగ్గరా ఉంచుకున్నాం. కోరుట్లలో కరెంటు పోతే జగిత్యాలవాడు రెండో కంప్యూటర్‌లో, ఆటలోని వాడి బొమ్మను నడిపేవాడు. "నువ్వున్నట్టే" అని టైపు చేసేవాళ్లం. అవతలి పక్షానికి మాలో ఎవరూ ఎప్పుడూ తగ్గినట్టు కనపడేవాళ్లు కాదు. అది నా తెలివేనని తెగ మురిసిపోయేవాడిని.

కోరుట్లవాడు పెద్ద డాలు పట్టుకుని కోట తలుపు దగ్గర నిలబడేవాడు. మా జెండా మీద బొమ్మ గీసింది కూడా వాడే. గోరంత చోటులో చుక్కలు పేర్చి తెలంగాణ పటం గీశాడు. అది కొరికిన రొట్టెలా ఉందని మేం ఏడిపించేవాళ్లం. పగలు ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచి, సాయంత్రం నెట్ కేఫ్‌కొచ్చి కూర్చునేవాడు. ఆడుతున్నంతసేపూ తిట్లు టైపు చేస్తూనే ఉండేవాడు. శత్రువులను ఎంత తిట్టేవాడో మమ్మల్నీ అంతే తిట్టేవాడు.

ఆ రోజుల్లో మా చేతిలో ఏముంది కనుక? ఒకరోజు ఢిల్లీ నుంచి తీపి మాట వచ్చేది, టపాకాయలు కాల్చేవాళ్లం. కొన్నాళ్లకు ఆ మాటే వెనక్కి పోయేది. రోడ్డు మీద వంట చేసి, రోడ్డు మీదే తిని, రోడ్డు మీదే కూర్చున్నా ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. కోట దగ్గర అలా కాదు. తలుపు దగ్గర నిలబడితే తలుపు ఆగేది. నిలబడకపోతే పడిపోయేది. మేం నిలబడటానికి ఒక ఫలితం ఉందని రెండు గంటల్లో కళ్లముందే తేలిపోయేది. నాకు కోట విలువ అదే. చాలా పెద్ద విలువ.

ఆ శనివారం బంద్. సాంచాలన్నీ ఆగిపోయాయి. సిరిసిల్లలో కేఫ్ అతను షట్టర్ సగం దించి మమ్మల్ని లోపల కూర్చోబెట్టాడు. కోరుట్లలో కేఫ్ తెరవలేదు. కోరుట్లవాడు బండి మీద జగిత్యాల పోయి, అక్కడ మా వాడి పక్కన కూర్చుని ఆడతానని పొద్దున ఫోన్‌లో చెప్పాడు. రెండింటికి ఆట మొదలైంది. వాడి బొమ్మ డాలు పట్టుకుని తలుపు దగ్గరే ఉంది.

గంట తర్వాత నా ఫోన్ మోగింది. కోరుట్లవాడి అక్క. తల్లీ తండ్రీ లేకపోతే బీడీలు చుట్టి వాణ్ణి పెంచింది ఆమే. వేములవాడ మొక్కుకు వచ్చినప్పుడు ఇద్దరూ మా ఇంట్లో ఒక పూట తిన్నారు. అప్పుడే నా నంబర్ తీసుకుంది.

"తమ్మీ, మావోడు పన్నెండింటికి బండి మీద పోయిండు. జగిత్యాల చేరినంక ఫోన్ చేస్తనన్నడు, చెయ్యలే. ఫోన్ మోగుతున్నది గని ఎత్తుతలేడు. పక్కింటాయన దారెంబడి దేవులాడనీకి పోతనంటుండు. పంపాల్నా?"

అప్పుడే తలుపు బీటలు వారుతోంది. "గిక్కడ్నే ఉన్నడక్కా, జగిత్యాలల కూసోని ఆడుతుండు. నేను సూస్తున్న గద! ఫికర్ చెయ్యకు" అన్నాను. "సరే తియ్" అని పెట్టేసింది.

నాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఆ రోజు వాడి బొమ్మ ఒక్క తిట్టూ తిట్టలేదు. 'నువ్వేనా' అని ఒక్క మాట టైపు చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. చేస్తే, కాదన్న జవాబు వస్తుందేమోనని చెయ్యలేదు. నాకు ఆ గంట కావాలి. తలుపు కావాలి.

నాలుగింటికి కోట గెలిచాం. కేఫ్‌లో అందరూ ఎగిరారు. "గెలిచినం రా" అని కోరుట్లవాడికి టైపు చేశాను. వాడి బొమ్మ దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "గిది నేను రా, జగిత్యాల. వాడు రానే లేదు. రోడ్డు బందుంటే ఇంటికి మళ్లిండనుకున్న."

షట్టర్ కింది నుంచి దూరి బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. "వాడింక చేరలేదంట అక్కా. ఆయన్ను పంపు, జల్ది పంపు" అన్నాను. ఫోన్ పెట్టెయ్యకుండానే ఆమె పక్కింటాయనను కేకేసింది.

పెద్ద రోడ్డు మీద బంద్‌కు అడ్డంగా రాళ్లు పెట్టారు. అవి తప్పించుకోవడానికి వాడు ఊళ్ల దారి పట్టినట్టుంది. కల్వర్టు దగ్గర బండి జారి కిందపడ్డాడు. బంద్ కాబట్టి ఆ దారిన ఎవరూ పోలేదు. పొద్దుగూకే ముందు పక్కింటాయనకు దొరికాడు. జేబులో ఫోన్ బాగానే ఉంది. మర్నాడు కరీంనగర్ ఆసుపత్రిలో పోయాడు. రక్తం చాలా పోయిందని, కొంచెం ముందు తెచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్లమని డాక్టర్ పక్కింటాయనతో అన్నాడట.

పదకొండో రోజు కోరుట్ల పోయాం, నేనూ జగిత్యాలవాడూ. అక్క చాట ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. దారి పొడవునా చాలా మాటలు కూర్చుకుని పోయాను. చివరికి, "అక్కా, గా దినం నేను సూడలే. సూస్తున్ననని అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె చేతిలో ఆకు మడత పూర్తి చేసి, దారం కట్టి, చాటలో వేసింది. తిడితే బాగుండునని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. తిట్టలేదు.

"నువ్వు గట్ల చెప్పినంక నిమ్మలమై పొయ్యి మీద అన్నం పెట్టిన తమ్మీ" అంది. "ఆడి ఆడి ఆకలితోని అస్తడని."