గోడ ఉద్యోగం

ఆ రోజుల్లో తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లు పెట్టిన ప్రతి షావుకారుకీ రెండు సరదాలుండేవి. తన మిల్లు పొగగొట్టం పక్కవాడి పొగగొట్టం కంటే ఎత్తుగా ఉండాలి, తన మిల్లు పేరు మీద ఒక చెడుగుడు జట్టు ఉండాలి. పొగగొట్టానికి ఇటుకలు కావాలి, జట్టుకు మనుషులు కావాలి. ఇటుకలా పనికొచ్చిన మనుషుల్లో నేనొకణ్ణి. ఇప్పుడు ఈ చేతికర్ర ముసలాయన ఒకప్పుడు ఆటగాడంటే మా వీధి పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆటాడి జీతం తీసుకున్నవాణ్ణి ఈ చుట్టుపక్కల ఇంకొకణ్ణి చూపించమనండి చూద్దాం.

మాది మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డున ఓ పల్లె. ఆ ఏడు కొల్లేరు పొంగి చేలన్నీ ముంచేసింది. ఇంట్లో అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, ఖాళీ గాదె. అప్పుడు మా మామయ్య (అమ్మకు పెదనాన్న కొడుకు, మా పల్లెవాడే) నా బుజాల వెడల్పు చూసి, "వీడు పొలానికి దండగ గానీ మిల్లుకి పనికొస్తాడక్కా," అని నన్ను గూడెం తీసుకెళ్ళాడు. మామయ్య అక్కడొక మిల్లు జట్టులో 'గోడ'. అంటే, కూతకొచ్చిన వాడి చీలమండ అందరికంటే ముందు దొరకబుచ్చుకుని వాడి కూత ఆగేదాకా వదలకుండా ఉండేవాడన్న మాట. ఆ తరవాత మిగతావాళ్ళొచ్చి మీద పడతారు. జనానికి పైన ఉన్నవాడే కనిపిస్తాడు. మా జట్టులో ఆ పైవాడు 'పిట్ట' అనే బక్కపలచటి కుర్రాడు. దండలు పిట్టకి, పసుపు పట్టీలు గోడకి. మిల్లు లెక్కల్లో మాత్రం నేను బస్తాలు తూచే గుమాస్తాని (ఆ కాటా ఏ గదిలో ఉండేదో నాకీనాటికీ తెలియదు). షావుకారు గారింట్లో నీచు ముట్టరు కాబట్టి నన్ను నేతితోనూ మినపసున్నితోనూ మేపేవారు. "ఏవండీ వంటాయన గారూ, ఇంకో గరిటెడు వెయ్యండి. గోడ సన్నబడితే మనకే నష్టం," అనేవారాయన, నేను ఎదురుగా కూర్చుని తింటూ ఉండగానే.

ధాన్యం ఆరబోసే కళ్ళంలో మామయ్య నాకు పట్టు నేర్పేవాడు. "మొహం చూడకురా అల్లుడూ, జాలేస్తుంది. చీలమండ చూడు. చీలమండకి చుట్టరికాలుండవు." నేను బుద్ధిగా నేర్చుకున్నాను. నేర్చుకోవడం పూర్తయిన వారంలోనే షావుకారు గారు మామయ్య వాచిన మోకాలి వంక చూసి, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నారు ఎంతో మర్యాదగా. ఆయన చోటు నాకిచ్చారు. నేను ఏడిచాను. మామయ్య మాత్రం, "ఊరుకోరా. ఎవడో పరాయివాడొచ్చి కూర్చునే కంటే నయం కాదూ," అని గుడ్డల మూట కట్టుకుని ఏలూరు వెళ్ళిపోయాడు.

అక్కడి మిల్లు షావుకారుకీ కళ్ళున్నాయి కదా. ఆయనా మోకాలు చూశాడు. "గూడెం జట్టు మీద గెలిపిస్తే ఉంచుకుంటాను, లేకపోతే లేదు," అన్నాడట. ఆ సంగతి తెలిసి మా షావుకారు గారు నన్ను పిలిచారు. "మీ మామయ్యే కదా అని చెయ్యి వదిలావంటే, మీ కొల్లేట్లో చేపలున్నాయిగా, పట్టుకుందువు గాని," అన్నారు. ఇటు చూస్తే మా అమ్మ, అటు చూస్తే మా అత్తయ్య. ఆట అయ్యేసరికి ఇద్దరిలో ఒకరింట్లో పొయ్యి ఆరిపోవడం ఖాయం. ఆ వారమంతా నెయ్యి గరిటె వస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఆట ఏలూరులో, కాలవ గట్టు పక్కన మైదానంలో. చివరికి రెండు జట్ల లెక్కా సమానమై, వాళ్ళవైపు మామయ్య ఒక్కడే మిగిలాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కూతకెళ్ళని మనిషి కుంటుతూ గీత దాటి వచ్చాడు. జనం ఒకటే నవ్వు. వచ్చినవాడు ఊరికే రాలేదు, పిట్టని తాకాడు. ఇక తిరిగి గీత ముట్టుకుంటే వాళ్ళదే గెలుపు. నేను మొహం చూడలేదు. చీలమండ కనబడింది, నా చేతులు వాటంతటవే వెళ్ళి పట్టుకున్నాయి. మా వాళ్ళందరూ మీద పడ్డారు. మామయ్య వేళ్ళు గీతకి జానెడు దూరంలో ఉన్నాయి. అప్పుడే ఆయన మోకాలు ఎండు వెదురులా పుటుక్కుమంది. పట్టు సడలించాను.

మా వైపు కూతలో 'చెడుగుడు' ఒక్కటే అనాలన్న నియమం లేదు. ఊపిరి తెగకుండా ఉంటే చాలు, మధ్యలో ఏమైనా కలుపుకోవచ్చు. కొందరు సామెతలు కలిపేవారు, కొందరు ఎదుటివాడి తాతల్ని తిట్టేవారు. అంతమంది కింద నలుగుతూ మామయ్య ఏం కలిపాడో వినండి. "చెడుగుడు చెడుగుడు, వేళ్ళు వదిలావేరా అల్లుడూ చెడుగుడు, నేర్పింది ఇదేనా చెడుగుడు, నీ జాలి నాకెందుకురా చెడుగుడు, మీ అమ్మకేం తిండి పెడతావురా చెడుగుడు, బిగించరా వెధవా చెడుగుడు..." రిఫరీగా వచ్చిన డ్రిల్లు మాస్టారు నేలకి చెవి ఆనించి, "కూత ఉందండీ, ఇంకా ఉందండీ," అని అరుస్తున్నారు. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. నేను మామయ్య పిక్కకి మొహం ఆనించి ఏడుస్తూ బిగించాను. నేను పట్టు వదిలిన ఆ కాస్త సేపట్లో ఆయన గీత ముట్టుకోగలిగేవాడే. ఆ ఊపిరంతా నన్ను తిట్టడానికి ఖర్చుపెట్టాడు. కాసేపటికి కూత ఆగిపోయింది.

పిట్టని బుజాల మీద ఊరేగించారు. మామయ్యని నేనూ డ్రిల్లు మాస్టారూ కలిసి ఎడ్లబండి ఎక్కించాం. "పట్టు బాగా కుదిరిందిరా," అన్నాడు. ఆ కాలు మళ్ళీ వంగలేదు. ఇంటి దగ్గర అత్తయ్య పరాయి చేలల్లో ఊడ్పులకెళ్ళింది. నేను మరి కొన్నేళ్ళు గోడగా నిలబడి, నా మోకాలూ అదే దారి పట్టాక, "విశ్రాంతి తీసుకోండి," అన్న మాట అంతే మర్యాదగా విని, ఇంటికొచ్చాను.

వచ్చిన ఆదివారం గుడికెళ్ళాను. కొత్తగా వచ్చిన పాస్టరు గారు, కుర్రాయన, "మోకరించి ప్రార్థన చేసుకుందాం," అన్నారు. అందరూ మోకాళ్ళ మీద వంగారు. వెనక వరసలో రెండు స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి. ఒకటి నేను, రెండోది మామయ్య. ప్రార్థన అవగానే పాస్టరు గారు మావైపే గుడ్లురిమి చూస్తూ, దేవుడి ముందు కూడా మోకాలు వంచని గర్విష్ఠుల గురించి చాలాసేపు బోధించారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. మామయ్య నా వైపు వంగి మెల్లిగా అన్నాడు: "అయ్యగారు చెప్పేది మన గురించేరా అల్లుడూ. తిన్నగా నిలబడు. ఇంత జనంలో మనం కనబడ్డం ఇదే మొదలు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడా వెనక వరసలో నేనొక్కణ్ణే నిలబడుతున్నాను, పక్కన ఒక మనిషికి చోటు వదిలి. ఆ మాట గుర్తొచ్చి, ప్రార్థన మధ్యలోనే నవ్వొస్తుంది.