బొగ్గుబాయి బడి గోడలు

అక్షరాలు రాక చాలాకాలం ఇది రాయలేదు. యాభై దాటాక నేర్చుకున్నాను. ఆ తర్వాత సిగ్గు ఆపింది.

తొంభైల్లో మా ఊరి బొగ్గుబాయి మూసేశారు. కార్మికుల కుటుంబాలు వెళ్లిపోయాయి. పిల్లలు లేక బడి కూడా మూతపడే స్థితికి వచ్చింది. అక్కడ పాఠాలు చెప్పి, రిటైరై నారాయణగూడలో ఉంటున్న సార్, ఆ బడి చరిత్రను చిన్న పుస్తకంగా వేయాలని సిటీలో ఉన్న మా ఊరివాళ్లను ఒక ఆదివారం ఇంటికి పిలిచారు. అశోక్ నగర్‌లో హాస్టల్ పిల్లలకు మెస్ నడిపే నేనూ వెళ్లాను.

"తలా ఒక పేజీ రాయాలె," అన్నారు సార్. కాగితాలు పంచుతుండగానే చాయ్ పెడతానని లేచాను.

"నువ్వెందుకమ్మా, నేను పెడ్త గద!" అంది ఆయన భార్య వంటింట్లో.

"ఉండనీ అమ్మా, నాకు అలవాటే."

ముందుగదిలో మాటలు వినబడుతున్నాయి.

"బడి కంపెనోళ్లే కట్టిచ్చిన్రు. అట్లనే రాస్తున్న," అన్నాడొకడు.

"నీ రాత చూస్తే కట్టకపోయినా అయితుండెరా!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

కంపెనీ ఇచ్చింది పైకప్పు రేకులు మాత్రమే. గోడలు లేపింది మా అమ్మ, మా వాడకట్టు ఆడవాళ్లు. బొగ్గు మోసి వచ్చి, తల మీది చుట్టబట్ట తీయకుండానే వాగు నుంచి రాళ్లు మోశారు. నేను తమ్ముణ్ని ఎత్తుకుని గట్టున కూర్చునేదాన్ని. బడి తెరిచాక తమ్ముడు వెళ్లాడు. నేను వాడి తర్వాత పుట్టినవాళ్లను ఎత్తుకున్నాను.

ఆ సంగతి చెప్పాలని గడప దాకా వచ్చాను. చెబితే "రాయి అక్కా" అని కాగితం చేతికిస్తారు. చాయ్ పంచి వెనక్కి వచ్చేశాను.

"అక్క చాయ్ అంటే అక్క చాయే!" అన్నారు.

నాకు చదువు రాదన్నది దాచుకోవడానికి అమ్మ మోసిన రాళ్లను కంపెనీకి వదిలేశాను. కప్పులు కడుగుతూ తల ఎత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున మెస్‌లో టిఫిన్లు కాగానే నారాయణగూడ వెళ్లాను.

"సార్, నాకు రాయరాదు. చెప్త, మీరు రాయండి," అన్నాను నేల చూస్తూ.

ఆయన కాగితం తీశారు. "నిన్ననే చెప్పొద్దా అమ్మా," అంటూ కుర్చీ జరిపారు.

గోడలు ఎవరు లేపారో చెప్పి, అమ్మ పేరు చెప్పాను. మిగతా ఆడవాళ్ల పేర్లు అడిగారు. ఒక్కటీ నోటికి రాలేదు. నాకు వాళ్లంతా అత్తలు, చిన్నమ్మలే.

"అత్తలు, చిన్నమ్మలు... అట్లనే రాయండి సార్," అన్నాను.