ఓడినవాళ్ళకే గోల్ పోస్టులు

మా ఊళ్ళ ఫుట్‌బాల్ టోర్నమెంటులో గెలిచిన ఊరికి కప్పు, ఓడిన ఊరికి గోల్ పోస్టులు. ఫైనల్లో ఓడినవాళ్ళు ఆ ఇనుప పైపులు పెరికి మోసుకుపోవాలి, ఏడాదంతా కాపాడాలి, మరుసటి ఏడు అందరినీ పిలిచి తమ ఊళ్ళోనే ఆట పెట్టాలి. నవ్వేవాళ్ళు నవ్వనీయండి. మా నాన్న కాలం నుంచి టోర్నమెంటు ఏనాడూ ఆగకుండా నడిచింది ఈ పద్ధతి మీదే. అప్పట్లో ఆడింది రాళ్ళు కొట్టేవాళ్ళు. ఒకసారి ఫైనల్లో ఓడిన జట్టు కడుపుమంటతో "మీరు మళ్ళ ఎట్ల ఆడ్తరో చూస్తం" అని పోస్టులు పీక్కుని పోయిందట. ఏడాది తిరిగేసరికి వాళ్ళకే కాళ్ళు దురద పెట్టాయి. పోస్టులు పాతి తామే అన్ని ఊళ్ళకూ కబురు పెట్టారు. అదే ఆచారమైంది.

నేను నల్లగండ్ల జట్టు కెప్టెన్‌నయ్యాక ఆ పైపులు మా ఇంటి గోడ పక్కనే కాపురం పెట్టాయి. ప్రతి ఏడూ ఫైనల్ దాకా పోవడం, నార్సింగి చేతిలో ఓడటం. "కప్పు తెమ్మంటె పైపులు తెస్తవ్, నీ తెలివి తెల్లారినట్లే ఉన్నది" అని నా భార్య దెప్పేది. వాటి మీద బట్టలారేసేది మాత్రం ఆమే.

తొంభైల చివర్లో మాదాపూర్ వైపు అద్దాల ఆఫీసులు లేచాయి. మా ఆటగాళ్ళకు అక్కడే పనులు దొరికాయి. నేను ఆఫీసు బండి తోలేవాణ్ణి. మా గోల్‌కీపర్, నా బామ్మర్ది, సెక్యూరిటీలో చేరాడు. ఆదివారం సెలవు గగనమైంది. ఆ ఏడు ఫైనల్ రోజు పొద్దున నార్సింగి కెప్టెన్ నా దగ్గరికొచ్చి తేల్చేశాడు.

"అన్నా, మాకు గిదే ఆఖరు. పోరలందరికీ డ్యూటీలు. ఓడితే పోస్టులు తీస్కపోయి పాత ఇనుముల అమ్మేస్తం. ఫికర్ చెయ్యకు, మేమే గెలుస్తం లే."

అతను అటు వెళ్ళగానే బామ్మర్ది నన్ను పక్కకు లాగాడు.

"బావా, ఈసారి ఓడిపోదాం."

"ఏందిరా, దిమాక్ ఖరాబైందా?"

"గెలిస్తే పోస్టులు ఆళ్ళకు పోతయి. ఆళ్ళు అమ్ముతరు. ఇగ టోర్నమెంటు ఖతం. ఓడితే మనింట్లనే ఉంటయి, వచ్చే ఏడు మనమే పిలుస్తం. జర ఆలోచించు."

లెక్క సరైనదే. అందుకే మరీ ఒళ్ళు మండింది. మా నాన్న ఆడిన ఆట నా చేతిలో చావడమా! అలాగని కావాలని ఓడి బతికించుకుంటే అది ఆటేనా?

"ఇన్నేండ్లు నేనెందుకు పిలిచిన్రా అందరిని? ఓడి మండింది గనక. గెల్చినోడు కప్పు చూస్కుంట కూసుంటడు. ఓడినోనికే నిద్ర పట్టది. ముందు ఆళ్ళను ఓడగొడదాం. తర్వాత ఆళ్ళే చూస్కుంటరు."

"చూస్కోకపోతే?"

"చూస్కుంటరన్న గద!" అని కసిరాను.

వాడు గొణుగుతూనే వచ్చిన బంతినల్లా ఆపాడు. ఎవరికీ గోల్ పడలేదు. ఆట ముగుస్తుందనగా నాకు పెనాల్టీ దొరికింది. అంత ధీమాగా మాట్లాడినవాణ్ణి, బంతిని పెట్టిన చోటే మళ్ళీ మళ్ళీ సర్దాను. ఇది లోపలికి పోయి నా మాట తప్పైతే, నా కాలితో నేనే టోర్నమెంటుకు గోరీ కట్టినట్టు. అయినా సరే, తన్నాను. పోయింది.

మావాళ్ళు కప్పు పట్టుకుని చిందులేస్తున్నారు. నేను తిన్నగా పోస్టుల దగ్గరికి నడిచాను. నార్సింగి జట్టంతా అప్పటికే ట్రాక్టరెక్కింది. వాళ్ళ కెప్టెన్ ఒక్కడే పోస్టు పట్టుకుని నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. "వదిలెయ్యన్నా, ఈడనే ఎవనికన్న అమ్ముదాం" అని ట్రాక్టర్ మీంచి ఎవరో అరిచారు. నాకు భయమేసింది. అమ్మేలోపు నేనే తీసుకుపోదామని రెండో పోస్టు మీద చెయ్యేశాను. అతను గబగబా వచ్చి నా చేతిని విసిరికొట్టాడు.

"చెయ్ తియ్! గెల్చినోనివి, కప్పు పట్కపో. ఓడింది మేము, మోసేది మేము. వచ్చే ఏడు మా ఊరికి రా, నీ సంగతి చూస్త బిడ్డా!"

అంత కమ్మని తిట్టు నేను నా జన్మలో తినలేదు.