విత్తనాల కుండ మీద నా చెయ్యి

నా చిన్నప్పుడు మా ఊరి ఆకాశం చాలా శుభ్రంగా ఉండేది. మబ్బు మరక ఒక్కటి కూడా కనిపించేది కాదు. వరసగా రెండేళ్ళు అలాగే ఉండేసరికి, ఉదయగిరి కొండను చూస్తూ మెట్టచేల మీద బతికే మాలాంటి వాళ్ళకు ఆ శుభ్రత కొంచెం ఎక్కువైంది.

మా నాయన, అమ్మ తెల్లవారకముందే వింజమూరు రోడ్డు మీద కరువు పనికి, కంకర కొట్టడానికి పోయేవారు. ఇంట్లో నేనూ, మా అవ్వా. పొద్దున గంజి, సాయంత్రం చింతాకు వేసిన గంజి. వంటలో మార్పు లేదనడం అన్యాయం.

ఇంటి మూలన ఒక కుండ ఉండేది. అందులో సజ్జ విత్తనాలు. బూడిద కలిపి పోసి, మూతికి మూకుడు బోర్లించి, చుట్టూ ఎర్రమట్టి మెత్తింది అవ్వ. వాన పడితే చేలో చల్లడానికి మాకున్నవి అవే. అవి తినేస్తే, వాన పడినా మా చేను బీడే. ఇది నాకు బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు ఊరుకోదు.

ఒకరోజు నాయన కుండ దించమన్నాడు. పిల్ల నీరసపడిపోతోంది, నాలుగు దినాలు సంకటి చేసుకుందామన్నాడు. అవ్వ దించలేదు.

"ఏందిమా, మనం బతికుంటే గదా విత్తేది?" అన్నాడు నాయన.

ఆ మాటకు డెబ్బై దాటిన ఈ వయసులో కూడా నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఆ వారంలోనే మా మందిరంలో కోత పండుగ వచ్చింది. ఎవరి చేలో తొలిగా చేతికొచ్చింది వాళ్ళు తెచ్చి ప్రార్థన బల్ల మీద పెట్టడం మా వాళ్ళ ఆచారం. సజ్జ కంకులు, గుమ్మడికాయలు, అప్పుడప్పుడూ పాటల మధ్యలో అరిచే కోడిపుంజు. ఆ ఏడు కోతే లేదు కనక పండుగ మానుకుందామని పాస్టరయ్య అన్నాడట. అందులో తర్కం ఉంది. కానీ మా అవ్వ ఆ ఆదివారం విత్తనాల కుండ నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా నడిచొచ్చి బల్ల మీద దించింది.

బల్ల మీద పెట్టింది దేవుడి సొత్తు. మామూలుగా అది పాస్టరయ్య ఇంటికి చేరేది. ఆయనకు నలుగురు పిల్లలు. ఆయన చూపు కుండ మీద కాస్త ఎక్కువసేపే నిలిచింది.

"అయ్యా, ఇది మాది గాదు, నీదీ గాదు. వాన పడేదాకా దేవుణ్ణే కాపలా ఉండమను" అంది అవ్వ.

పాస్టరయ్య తలొంచి ప్రార్థన చేసి, కుండను బల్ల కింద పెట్టాడు. కన్నతల్లి మాట కాదనగలడు గానీ, దేవుడి సొత్తు ముట్టే మనిషి కాదు మా నాయన. అది తెలిసే అవ్వ ఆ పని చేసింది. నాయన వారం దినాలు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడటానికీ ఓపిక కావాలి కదా.

ఎండాకాలం ముదిరింది. ఒక మిట్టమధ్యాహ్నం నేను పావడా అంచు చేత్తో పట్టుకుని మందిరానికి బయలుదేరాను. ఒడినిండా కాదు, రెండు గుప్పిళ్ళ సజ్జలు చాలనుకున్నాను. దేవుడు అంత చిన్న విషయం పట్టించుకోడని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

తలుపు తోసేసరికి బల్ల ముందు మా అవ్వ కూర్చుని ఉంది. ఒళ్ళో కుండ. మూతి చుట్టూ మట్టి ఒకవైపు రాలి ఉంది. ఆమె గోళ్ళనిండా ఎర్రమట్టి.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"ఏందిమే, ప్రార్థనకా?" అంది.

"నువ్వూ ప్రార్థనకేనా అవ్వా?" అన్నాను.

ఆమె గోళ్ళలోని మట్టి కొంగుకు తుడుచుకుంది. అంతవరకూ అవ్వకు ఆకలి వేస్తుందన్న సంగతి నాకు తట్టనేలేదు. నాకు గంజి పోసి, తాను తర్వాత తాగుతానని చెప్పిన పూటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. నేను పక్కన కూర్చుని, దేవుడు మనకు వాన ఎందుకివ్వలేదని అడిగాను.

"నేనూ అడిగినా. ఇంకా చెప్పలా" అంది. కొంచెం ఆగి, "ఆయన ఏదో చేస్తాండాడు. ఏందో నాకు తెల్దు. ఆయన వాన ఇచ్చేనాటికి మన చేతిలో విత్తనం ఉండాల. అంతవరకే మన పని" అంది.

బల్ల పక్కనున్న చెంబులో నీళ్ళతో రాలిన మట్టిని తడిపి, మళ్ళీ మూకుడు అంతా కప్పేలా మెత్తింది. నా చెయ్యి పట్టుకుని ఆ పచ్చిమట్టి మీద అద్దింది. అయిదు వేళ్ళూ పడ్డాయి. ఇక మీద దీనికి కాపలా నువ్వే, నా మీద కూడా కన్నేసి ఉండు, అంది. దొంగను కాపలా పెట్టడం తెలివైన పని కాకపోవచ్చు. కానీ ఆ రోజు నుంచి రోజూ పోయి నా వేళ్ళ గుర్తులు సరిచూసుకునేదాన్ని. చెదిరితే నేనే చెదిరిపోతాననిపించేది. చెదరలేదు.

వాన ఆలస్యంగా వచ్చింది. క్షమాపణ కూడా చెప్పుకోలేదు. నాయన స్వయంగా కుండ తెచ్చి, నా చేతి గుర్తు మీదే మట్టి పగలగొట్టాడు. విత్తనాల్లో కొంత పురుగు తినేసింది. ఆ ఏడు పంట పండిందని చెప్పలేను, ఎండలేదని చెప్పగలను. తొలి కంకులు పాస్టరయ్య పిల్లలు తిన్నారు.

ఆ రెండేళ్ళు ఎందుకొచ్చాయో దేవుడు అవ్వకు చెప్పాడో లేదో నాకు తెలియదు. నాకైతే ఇంకా చెప్పలా. ఆత్మకూరు కాలేజీలో ముప్పై ఏళ్ళు విత్తనాల గురించి పాఠాలు చెప్పాను. పచ్చిమట్టి మీద చెయ్యి అద్దించే పాఠం మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మొన్న నెల్లూరులో నా కాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు, మళ్ళీ నడుస్తానో లేదో ఆరు నెలలు పోతే గానీ చెప్పలేనన్నాడు. ఎందుకిలా జరిగిందని దేవుణ్ణి నేనూ అడిగాను. అడిగి, ఆ సాయంత్రమే నా పాత చెప్పులకు కొత్త అడుగులు వేయించమని పంపాను. ఆయన నడిపించేనాటికి కాళ్ళకు చెప్పులు ఉండాలి. అంతవరకే నా పని.