క్యాచర్ చెప్పాల్సిన మాట

మొన్న ఆదివారం చర్చి నుంచి అక్క ఇంటికి వెళ్ళాను. అక్క అంటే మా చిన్నాన్న కూతురు, నాకంటే ఏడాది పెద్ద. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో మేమంతా పుట్టి పెరిగిన ఆ పాత గని కూలీల ఇళ్ళ లైనులోనే ఇంకా ఉంటోంది. వెళ్ళేసరికి ఆమె కూతురు వాకిట్లో గోడకేసి బేస్‌బాల్ బంతి కొడుతోంది. అక్క నన్ను చూడగానే, "వచ్చినావా, బాగాయ. కూచో, పాప ఏస్తాది, నువ్వు పట్టు" అంది. నాకేమో నలభై నిండాయి, గొంతుక్కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. అయినా కూర్చున్నాను. పాప పది బంతులు వేసింది. చెయ్యి మంచిదే, వాళ్ళమ్మ చెయ్యే. అప్పుడు అక్క గడపలో నిలబడి అడిగింది: "చెయ్యి ఎట్లుండాది దానిది?" ఆ ప్రశ్న నన్ను అదే మాటల్లో అడిగిన మనిషి ఒక్కడే. ఆయన సమాధిలో ఉన్నాడు.

ఆయన మా నాన్న. గనిలో షిఫ్టు మేస్త్రి. గని మూసేశాక ఆయన దగ్గర మిగిలిందల్లా అరిచే గొంతు, ఆ అరుపులు పడటానికి ఎవరూ లేరు. "ఇంట్లో గిన్నెలకి కూడా డ్యూటీ ఏస్తాండాడు, యాడికన్నా పంపించండి ఈయప్పని" అని మా అమ్మ లైనంతా చెప్పుకుంది. ఆ గోల ఎవరి చెవిన పడిందో, స్కూల్లో ఎవరూ తెరవని ఒక పెట్టె ఉందని పిలిచి ఇచ్చారు. అందులో నాలుగు గ్లవ్స్, రెండు బ్యాట్లు, ఒక బేస్‌బాల్ రూల్సు పుస్తకం. ఆ పుస్తకాన్ని నాన్న బైబిలు చదివినట్టు వేలు పెట్టి చదివాడు. నెలలోగా లైనులోని ఆడపిల్లలందరినీ పోగేసి షాఫ్టు పక్క బయల్లో నిలబెట్టాడు. బ్యాటు వెనక కూర్చుని పిచర్ వేసిన బంతి పట్టే క్యాచర్‌ని నేను. నా తలకి ఆయన పాత గని టోపీ, దీపం కొక్కెంతో సహా. ఛాతీకి కొబ్బరి పీచు కుక్కిన గోనెసంచి. చూడవచ్చిన వాళ్ళు ఇది క్రికెట్టా బిళ్ళంగోడా అని పందాలు వేసుకునేవారు, నన్ను చూసి మాత్రం పందెం లేకుండానే నవ్వేవారు.

పిచర్ అక్క. దాని చేతిలోంచి బంతి వస్తుంటే కనిపించేది కాదు, నా అరచేతిలో చురుక్కుమన్నాక తెలిసేది వచ్చిందని. నాన్న పొద్దస్తమానం "దాని చెయ్యి చూడు, దాని చెయ్యి చూడు" అనేవాడు. కన్నకూతురితో మాత్రం "నువ్వు కూచో, పట్టు" అనేవాడు. చిన్నాన్న గని మూసిన మరుసటి ఏడే పోయాడు. చిన్నమ్మ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరులో ఎవరిళ్ళలోనో గిన్నెలు తోమి వచ్చేది. రాష్ట్రం జట్టులోకి తీసుకుంటే సర్టిఫికెట్టు, సర్టిఫికెట్టు ఉంటే సర్కారు ఉద్యోగం, ఉద్యోగం వస్తే చిన్నమ్మ రైలెక్కక్కర్లేదు. ఈ లెక్క లైనంతటికీ తెలుసు. నాకూ ఆ ఉద్యోగం కావాలి. నిజం చెప్పాలంటే, అక్కకి వస్తుందనే మరీ కావాలి. అప్పుడు నేను అంత మంచి పిల్లను.

పిచర్‌ని ఎప్పుడు మార్చాలనేది ఆ ఆటలో పెద్ద తలనొప్పి. తొందరపడితే మంచి చెయ్యి పోగొట్టుకుంటారు, ఆలస్యం చేస్తే ఆ చెయ్యే పోతుంది. పుస్తకంలో దానికి జవాబు లేదు. నాన్న గనిలోంచి తెచ్చుకున్నాడు. కింద ఇద్దరిద్దరుగా పనిచేసేవాళ్ళట, ఒకడు డ్రిల్లింగు మిషను పడితే ఒకడు పక్కన నిలబడేవాడట. "మిషను పట్టుకున్నోణ్ణి అడగనే కూడదు. సిగ్గుకో మొండితనానికో వాడు చెప్పడు. పక్కనుండేవాణ్ణి అడగాల. వాడు చాలంటే చాలు, మేస్త్రి ఇంగ మారుమాట్లాడడు" అని చెప్పేవాడు. కాబట్టి ఇన్నింగ్స్ అనే ఒక్కో విడత అవగానే నా దగ్గరికొచ్చి ఆ ఒక్క ప్రశ్న అడిగేవాడు. పిచర్ నోరు తెరవకూడదు. నేను చాలంటే మార్చేవాడు, బాగుందంటే వెనక్కి వెళ్ళి తుండుగుడ్డ భుజాన వేసుకుని కూర్చునేవాడు.

కోలారులో మ్యాచి రోజు బెంగళూరు నుంచి జట్టు ఎంపిక చేసే ఆయన వచ్చాడు. గొడుగు కింద కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉన్నాడు. మూడో ఇన్నింగ్స్ అవగానే నాన్నని పిలిచి, "ఆ పిచర్ని తీసుకున్నట్టే, పేరు రాసుకున్నా. క్యాచర్ని ఇంగా చూడాల" అన్నాడు. నేను పక్కనే నీళ్ళు తాగుతున్నాను. అంటే అక్క పని అయిపోయింది. ఆ తర్వాత అది ఒక్క బంతి వెయ్యకపోయినా దానికి నష్టం లేదు. ఈ సంగతి మరిచిపోకండి, నేను మరిచిపోలేదు.

ఐదో ఇన్నింగ్స్‌లో నా అరచేయి చురుక్కుమనడం మానేసింది. బంతి తేలిగ్గా వచ్చి పడుతోంది. ఇన్నింగ్స్ అవగానే అక్క నా దగ్గరికి వచ్చింది, పెదవులు తెల్లగా ఉన్నాయి. "ఏమే, భుజం లోపల ఏందో చీలిన మాదిరి ఉండాది. చెయ్యి ఎత్తితే పాణం పోతాంది. పెదనాయనకి చెప్పవే" అంది.

"నువ్వే చెప్పుకో పో" అన్నాను.

"నేనెట్ల చెప్పేది? నిన్నే కదా ఆయప్ప అడిగేది."

చెప్పేద్దామనే లేచాను. అంతలో లక్కూరు పిల్ల కనిపించింది, మా రెండో పిచర్. పాపం బలమైన పిల్లే కానీ బంతి వేస్తే ఒకటి ఆకాశానికి, ఒకటి పక్కనున్న ఆవుకి. అది వేస్తుంటే నేను గొడుగాయన ఎదుట కోళ్ళను తరిమినట్టు బంతుల వెనక పరిగెత్తాలి. నాన్న వచ్చాడు. "చెయ్యి ఎట్లుండాది దానిది?"

"బాగుండాది నాయనా. చూడు, నా అరచెయ్యి ఇంగా మండతాంది" అన్నాను, అరచేయి చాపి మరీ. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. గని కింద ఆ ప్రశ్నకి అబద్ధం చెబితే మనుషులు చస్తారు. అబద్ధం చెప్పేవాళ్ళు ఉంటారని ఆయనకి తట్టలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. అక్క దగ్గరికి వెళ్ళి, "చెప్పినానే. వినలేదు. ఇంగ రెండు ఇన్నింగ్స్ ఎయ్యల్లంటాడు" అన్నాను. అక్క తిరిగి నాన్నకేసి చూసింది. ఆయన ఏమీ తెలియక, సంతోషంగా పిడికిలి ఎత్తి చూపించాడు. అక్క నేలమీద ఉమ్మేసి బంతి తీసుకుంది.

ఏడో ఇన్నింగ్స్‌లో అవతలి పిల్ల ఒకతె దొంగపరుగు తీయబోతే నేను కూర్చున్నచోటి నుంచే బంతి విసిరి అవుట్ చేయించాను. గొడుగాయన కాయలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ మరుసటి బంతి నన్ను చేరలేదు, సగం దారిలో పడింది. అక్క భుజం పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది. ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. జట్టులోకి నన్ను తీసుకున్నారు. ఉద్యోగం నాకొచ్చింది. చిన్నమ్మ ఇంకో పన్నెండేళ్ళు రైలెక్కింది. అక్క ఇప్పుడు కోలారు పక్కనున్న నరసాపురం ఫ్యాక్టరీ బస్సెక్కి అక్కడి క్యాంటీన్లో కూరగాయలు తరుగుతుంది.

అక్క ఆ రోజు నుంచి మా నాన్నతో మాట్లాడలేదు. ఆయన భుజానికి రాయమని నూనె కాచుకుని వెళితే, తలుపు వేసుకునేది. ఆయన నూనె గిన్నెతో తిరిగొచ్చి మా అమ్మతో, "అంత మొండితనమా దానికి? నొస్తాందని చెల్లెలికన్నా ఒక మాట చెప్పకూడదా?" అని బాధపడేవాడు. నేను పక్కనే కూర్చుని రాగిసంగటి తింటూ ఉండేదాన్ని. మింగుడుపడేది కూడా. ఆరేళ్ళ కిందట ఆయన పోతే లైనంతా వచ్చింది, అక్క రాలేదు. శవపెట్టె మూసేముందు నేను నిజం ఒక్క మాట చెబితే వచ్చేదే. నేను కళ్ళు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయా లేదా అని చూసుకున్నాను.

"అడిగింది నిన్నే. చెయ్యి ఎట్లుండాది?" అంది అక్క మళ్ళీ.

"నన్నెందుకు అడగతావు? నీకు తెలీదా?"

"పట్టేదానికి తెలిసినట్ల ఇంగెవురికి తెలుస్తాది? ఆ దినం నా కోసరం నోరు తెరిచినదానివి నువ్వొక్కదానివే. మీ నాయన నీ మాట ఇనింటే నాకీ గతి పట్టేది కాదు." ఎడమచేత్తో జుట్టు ముడేసుకుంటూ మామూలుగా అంది. రోజూ అనుకునే మాటలా అంది.

పాప బంతి పట్టుకుని నాకేసి చూస్తోంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు.

"చాలు. ఈ పొద్దుకి చాలించు" అన్నాను పాపతో.

పాప సరేనని బంతి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చాలు అనే ఆ మాట అనడానికి ఇంతసేపే పడుతుందన్నమాట. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, అది కూడా వేరే పిల్ల చేతికోసం.